ఒకటో నంబరు మద్దిలేటి ఇంటికి

నంద్యాల, డిసెంబరు 1960

అమ్మా జీవమ్మా, మన పేటలో అన్ని ఇండ్లకూ జనాభా లెక్కల నంబర్లు పడినాయి, దేవునికి స్తోత్రం. మొదట మీ చిన్నాయన మద్దిలేటి తలుపేసుకొని, "దావీదు రాజు జనాన్ని లెక్కబెట్టినందుకే తెగులొచ్చింది, మర్చిపోయినావా అన్నా" అన్నాడు. పేటంతా వాని మాటే పట్టుకుంది. "నిండు చూలాలు మరియమ్మ ప్రజాసంఖ్యలో రాయించుకోను బేత్లెహేముకు పోలేదా? లెక్కలో లేనోళ్లకు బడి ఎవరిస్తారప్పా" అని నేనే గడపగడపా తిరిగి ఒప్పించినా. తీరా చూస్తే, వీధి మొదట్లో ఉందని ఒకటో నంబరు వాని ఇంటికే వేసినారు. నాది పద్దెనిమిది. పండక్కి గోడంతా సున్నం కొట్టి, ఆ అంకెను మాత్రం వదిలిపెట్టి, దాని కిందనే కూర్చుంటాండాడు. పాస్టరయ్య గూడా ఆడనే కాఫీ తాగిపోయినాడు. నాకు అన్నం సయించడం లేదు.

పాపకు దగ్గు తగ్గిందా? ఫిబ్రవరిలో మనుషులను లెక్కబెట్టను వస్తారు. దిష్టి తగులుతుందని మీ అత్త దాచిపెట్టకుండా పాప పేరు రాయించు. మీ అందరికీ నా దీవెనలు.

ఈ నంబర్లు ఎవరి వల్ల పడినాయో మీ అత్తమామలకు, దేవమ్మ పెద్దమ్మకు, కొత్తపల్లె ఆనందరావు మామకు చెప్పు. మద్దిలేటి కూతురు గూడా మీ ఆళ్లగడ్డలోనే ఉంది గదా, దానికి అందరికంటే ముందు చెప్పు, వాళ్ల నాయన కార్డు చేరకముందే.