నీ చేతులకు పడిన జిడ్డు

మామా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఈరోజు ఎర్రగుంట్లలో ఫ్యాన్సీ షాపుకు పోతే కొత్త నూనె చూపించారు. పేరు జొజోబా అట, ఎడారి మొక్క గింజల్లోంచి తీస్తారట. షాపామె నా ముంజేతికి రెండు చుక్కలు రుద్ది, "అచ్చం మన ఒంటి జిడ్డు మాదిరే ఉంటాదక్కా. పగిలిన చేతులకు శానా మంచిది" అంది. నాకు నవ్వొచ్చింది.

నువ్వు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాగానే పగిలిన చేతులను నా జడకు రుద్దుకునేవాడివి. "ఆముదం ఆడుండాది గదా!" అని నేను కసిరితే, "నీ తల జిడ్డుకే మెత్తబడతాయి. నేనొచ్చేదాకా తలకు నీళ్లు పోసుకోవాకు" అనేవాడివి.

ఆ సీసా కొనలేదు మామా. తలకు మాత్రం ఇప్పటికీ నువ్వు డ్యూటీ దిగి వచ్చే వేళ దాటాకే పోసుకుంటున్నాను.