చంకలో చేతులు

మార్చి 3, సోమవారం

నా కూతుర్ని కొట్టాను. గరిటెతో. హోంవర్కు పుస్తకం మీద పాలు ఒలికించింది, అంతే. ఆరేళ్ల పిల్ల. చెవి కింద వాచిపోయింది.

మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఇంకొక్క దెబ్బ పడితే పిల్లని తన అక్క ఇంట్లో దింపేస్తాడట, మళ్ళీ తీసుకురాడట. ఆ మనిషి ఊరికే అనడు.

దాన్ని ఒళ్ళో వేసుకుని, ఐసు పెట్టి, పాట పాడి పడుకోబెట్టాను. ఎప్పట్లాగే నేనే ఎక్కువ ఏడ్చాను.

మార్చి 4

కౌన్సెలర్ దగ్గరికెళ్ళాను. నాకంటే పదేళ్ళు చిన్నది. ఈ అలవాటు ఎవరిదని అడిగింది. మా అమ్మది. ఆవిడ చేతికి ఏది అందితే అదే ఆయుధం. కోపం రాగానే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఇరవై లెక్కపెట్టమంది. డైరీ రాయమంది. నాది మాంసం కొట్టు తల్లీ, చేతులు చంకల్లో పెట్టుకుంటే మేకని నువ్వొచ్చి నరుకుతావా అన్నాను. నవ్వలేదు.

మార్చి 6, మధ్యాహ్నం

కొట్లో ఒకడు ఎముకలే వేశానని గొడవ. కత్తి మొద్దులోకి దించి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. చలేస్తోందా అని వెటకారం. పద్నాలుగు దగ్గర ఇంకో మాటన్నాడు. కీమా పొట్లం వాడి మొహాన కొట్టాను. చెయ్యి తగల్లేదు కాబట్టి లెక్కలోకి రాదు.

మార్చి 9

ఆరు రోజులు. దెబ్బ లేదు. కిటుకు దొరికింది, పిల్ల దగ్గరికే పోవడం లేదు. దూరంగా ఉంటే చెయ్యెలా లేస్తుంది? జడ కూడా వాళ్ళ నాన్నే వేస్తున్నాడు, వంకర టింకరగా.

మార్చి 11

గ్లాసు పగలగొట్టింది. లెక్కపెట్టాను.

మార్చి 12

నా చెప్పులు కిటికీలోంచి రోడ్డు మీదకి పారేసింది. నలభై దాకా పెట్టాను.

మార్చి 13

ఇవాళ అద్దం. బీరువా అద్దం. బంతి పెట్టి మరీ.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక వైపుకి పరిగెత్తి గోడని గుద్దాను. దానికి పడాల్సినవన్నీ గోడకి పడ్డాయి. మెటికలు చిట్లాయి, సున్నం మీద నెత్తురు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అమ్మ అనేది, నన్ను తంతూనే. తిరిగి చూస్తే పిల్ల గుమ్మంలో ఉంది. భయపడినట్టు లేదు. రావాల్సిందేదో రానట్టు మొహం ముడుచుకుని లోపలికి పోయింది. దీని తిక్కేంటో నాకు అర్థం కాలేదు.

మార్చి 15, శనివారం, సాయంత్రం 6

కొట్టాను.

వండి దించిన గిన్నె నా కళ్ళలోకి చూస్తూనే నేల మీద బోర్లించింది. చేతులు చంకల దాకా పోలేదు. జుట్టు పట్టుకున్నాను. చెంప, వీపు, మళ్ళీ చెంప. లెక్క మాత్రం పెట్టాను. ఏడు. పెదవి చిట్లింది.

అప్పుడు ఒళ్ళోకి లాక్కున్నాను. అది నా మెడ చుట్టూ చేతులేసి, నెత్తురంతా నా భుజానికి పూసి, హాయిగా ఊపిరి వదిలింది. పాట పాడమంది. ఎన్ని రోజులైందో కదా ఎత్తుకుని అంది.

గ్లాసు, చెప్పులు, అద్దం, అన్నీ ఈ ఒడి కోసమే. దెబ్బ తినకుండా ఇది ఎప్పుడైనా నా ఒళ్ళో కూర్చుందా అని గుర్తు చేసుకున్నాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. దెబ్బలు మానేసి మహా గొప్ప పని చేశాననుకున్నాను, పిల్లకి ఒడి కూడా మానిపించాను. థూ, నా బతుకు.

7 గంటలు

మా ఆయన వచ్చాడు. పెదవేమైందన్నాడు. మెట్ల మీద పడ్డానంది. నా వైపు చూడనైనా చూడలేదు, అంత బాగా అబద్ధమాడింది. మా అమ్మ కోసం నేనూ అవే మెట్ల మీద పడేదాన్ని.

నేనే కొట్టానని చెప్పేశాను. ఆయన పైనుంచి బ్యాగు దించాడు.

మార్చి 16, ఆదివారం, ఉదయం

వాళ్ళు చెప్పులేసుకునే లోపు ఒక్క నిమిషం అడిగాను. ఇచ్చాడు.

దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఊరికే. అది ఒళ్ళంతా బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెంప ముందుకు పెట్టింది.

"నేనేం చేశానమ్మా?" అంది.