ఎవరిదీ కాని పరంజా

సూడర్‌విష్,
ఏప్రిల్ మొదటివారం

సోలార్ ప్యానెళ్లు బాగుచేసే కంపెనీ వారికి,

సూడర్‌విష్ కట్టవీధిలో ఉండే టెల్సె హార్డర్స్ రాసుకున్నది. నేను క్షేమం. మా పైకప్పే క్షేమంగా లేదు.

ఎడమవైపు సగం ప్యానెళ్లు పనిచెయ్యటం మానేశాయి. వంటింటి గోడకున్న పెట్టెలో పచ్చదీపం ఉండేచోట ఎర్రదీపం వెలుగుతోంది. అదెప్పుడు పేలుతుందోనని నేను వసారాలో కోటు వేసుకుని కూర్చుంటున్నాను. మీకు ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది మీ యంత్రం. మా ఫోనుకి నొక్కేవి లేవు, వేలుపెట్టి తిప్పేదే ఉంది. అందుకే ఉత్తరం.

ఈ వీధిలో మొట్టమొదట ఎండతో కరెంటు తీసింది మా ఇల్లే. మా ఆయన రైమర్ బతికున్నప్పుడు పెట్టించాడు. అప్పుడు నవ్వినవాళ్లందరి కప్పుల మీదా ఇప్పుడు ప్యానెళ్లే. నాకు చదువు అంతంతమాత్రం. క్యాబేజీ షెడ్డులో పనిచేసి బతికాను, పింఛను చిన్నది. అయినా ఎవరికీ ఒక్క సెంటు బాకీ లేను, ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోలేదు. పైన అవి పనిచేస్తున్నన్నాళ్లూ నా బతుకు నేను బతకగలను. అందుకని ముందే అడుగుతున్నాను, బాగుచెయ్యటానికి ఎంతవుతుంది? నా దగ్గరున్నదానికి మించితే ఇక దింపించెయ్యటమే.

ఇట్లు, గుండెదడతో,
టెల్సె హార్డర్స్

తా.క. మీరు పంపే మనిషికి పిల్లి బొచ్చు పడుతుందా? మాకు పిల్లి లేదు. కానీ పక్కింటిది వస్తుంటుంది. తర్వాత తుమ్ములొస్తే నన్ననకూడదు.


హైడె,
ఏప్రిల్ మూడోవారం

గౌరవనీయులైన శ్రీమతి టెల్సె హార్డర్స్ గారికి,

మా సాంకేతిక సిబ్బంది మీ ఇంటికి వచ్చి పరీక్ష జరిపిన సంగతి మీకు తెలిసినదే. పైకప్పు మీద తీగలు కలిసే ఒక జాయింటు కాలిపోయినట్లు నిర్ధారణ అయినది. ఖర్చు అంచనా ఈ విధంగా ఉన్నది.

జాయింటు మార్పు, కూలితో సహా: 180 యూరోలు.
పరంజా కట్టి విప్పుటకు: 1,900 యూరోలు.

అంగీకారమైనచో సంతకం చేసి పంపగలరు.

భవదీయుడు,
ఫోల్కర్ట్ ఈవెర్సెన్
మరమ్మతుల విభాగం

తా.క. మా సిబ్బందికి పిల్లి వల్ల ఇబ్బంది కలుగలేదు. మీరు పెట్టిన కేకు మూడో ముక్క వల్ల కొంత కలిగినది.


సూడర్‌విష్,
ఏప్రిల్ ఆఖరు

ఫోల్కర్ట్ బాబుకి,

నీ ఉత్తరం చూసి గ్లాసుడు నీళ్లు తాగాను. మళ్లీ చూసి మళ్లీ తాగాను. పాడైందేమో జాయింటు, డబ్బులు మాత్రం పరంజా గొట్టాలకా? చొక్కా బొత్తాం ఊడితే, అది కుట్టేవాడు కూర్చోవటానికి సోఫా కొనమన్నట్టుంది.

నూట ఎనభై నా దగ్గరుంది, డబ్బాలో పెట్టాను. ఆ రెండోది నావల్ల కాదు నాయనా. మా ఆయన నిచ్చెన వేసుకుని ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు. పడి చావలేదు, మంచంలో చక్కగా పోయాడు. మీవాళ్లూ నిచ్చెనే వేసుకోవచ్చుగా? కింద నేను పట్టుకుంటాను. ఊళ్లో ఫైరుదళం వాళ్లకి పొడుగు నిచ్చెన ఉంది. అడిగితే, మంట ఉంటేనే బయటికి తీస్తామన్నారు. మంట పెట్టటం నాకిష్టం లేదు.

ఆలోచించి చెప్పు. పొద్దున్నే లేచి ముందు ఆ ఎర్రదీపం ముఖం చూడాల్సివస్తోంది.

ఇట్లు,
టెల్సె హార్డర్స్

తా.క. కళ్లజోడు కనపడక నీ ఉత్తరం పక్కింటి యోహెన్‌తో చదివించుకున్నాను. చదివి, టోపీ చేతిలో తిప్పుకుంటూ, “వదినా, వీధిలో వాళ్లం తలా కొంచెం...” అన్నాడు. “ఇంకో ముక్క అన్నావంటే నీకీ ఇంట్లో కాఫీ లేదు” అన్నాను. కాఫీ మట్టుకు తాగే వెళ్లాడు.


హైడె,
మే మొదటివారం

గౌరవనీయులైన శ్రీమతి హార్డర్స్ గారికి,

మీ సూచనలను మా భద్రతా విభాగంలో చదివి వినిపించితిని. అంత ఎత్తున పరంజా లేనిదే పనిచేయుటకు నిబంధనలు ఒప్పుకోవు. కింద ఎవరు పట్టుకున్నా ఒప్పుకోవు.

ప్యానెళ్లను దింపించుకొనదలచినచో అది కూడా చేయగలము. అందుకు కూడా పరంజా అవసరమని తెలియజేయుటకు చింతిస్తున్నాను.

భవదీయుడు,
ఫోల్కర్ట్ ఈవెర్సెన్

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. బొత్తాం, సోఫా సంగతి మా విభాగంలో అందరూ చెప్పుకుంటున్నారు.


సూడర్‌విష్,
మే మూడోవారం

ఫోల్కర్ట్ బాబుకి ఆశీస్సులు,

నీ కడుపు చల్లగా ఉండాలి. పైకి అలా ముక్కుసూటిగా రాస్తావుగానీ మనసు మెత్తనని నాకు ముందే తెలుసు.

మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి పోయి సాయంత్రం బస్సు దిగానా, మా ఇల్లు కనపడలేదు! దారి తప్పానా, చూపే పోయిందా అని అక్కడే చేతిసంచి మీద కూర్చుండిపోయాను. తీరా చూస్తే నేలనుంచి కప్పుదాకా ఇనుపగొట్టాలు, చెక్కపలకలు. పరంజా! నా సంతకమైనా లేకుండా కట్టించేశావు. కాకపోతే నేను ఊరికే ఏదీ పుచ్చుకోను. ఈ ఉత్తరంతో ఆరు సీసాల క్యాబేజీ ఊరగాయ వస్తుంది. ఆరూ లెక్కపెట్టుకో, పోస్టువాణ్ణి నేను నమ్మను.

ఇప్పుడు మా ఇంటి దర్జా చూడాలి నువ్వు. వీధంతా నన్నడగటానికే వస్తోంది. యోహెన్ వాళ్లదీ మాదీ ఒకటే చూరు. “నీ పరంజా ఎక్కి చూరు కాలువ శుభ్రం చేసుకుంటాను వదినా” అన్నాడు. ఎదురింటి వీబ్కె వచ్చి, మా మేడకిటికీలు బయటనుంచి తుడుస్తుందట. తుడవటానికి మనసైందట! వడ్రంగి హిన్‌రిక్ అయితే పెంకులు చూస్తానని రోజూ ఎక్కుతున్నాడు. “నీ దగ్గర ఇలాంటి పరంజాలు బోలెడుంటాయి కదరా” అంటే, “అన్నీ పనిలో ఉన్నాయి అత్తా” అని నేలచూపులు చూశాడు. పోనీలే, ఒకరికి ఇచ్చేస్థితిలో నేనున్నాను, అది చాలు. అందరికీ ఎక్కమనే చెప్పాను.

జాయింటు వేసే మనిషిని త్వరగా పంపు.

ఇట్లు, తల ఎత్తుకుని,
టెల్సె హార్డర్స్

తా.క. గొట్టానికి బోర్డుంది, దానిమీద ఇంత బరువే మోస్తుందని రాసుంది. చదివిన దగ్గర్నుంచి నాకు నిద్రలేదు. అందుకని బంగాళాదుంపల కాటా వాకిట్లో పెట్టి, తూచుకున్నాకే ఎక్కనిస్తున్నాను. వీబ్కె కాటా ఎక్కనంది. ఆవిడ కింది కిటికీలే తుడిచింది.


హైడె,
మే ఆఖరు

అత్యవసరం

శ్రీమతి హార్డర్స్ గారికి,

మా కంపెనీ మీ ఇంటికి ఎట్టి పరంజా కట్టించలేదు. మీ సంతకం మాకు అందలేదు. ఆ పరంజా ఎవరిదో మాకు తెలియదు. మీరు వేరొక కంపెనీకి పని అప్పగించితిరా? లేదా వేరొకరి ఇంటికి కట్టవలసినది పొరపాటున మీ ఇంటికి కట్టబడెనా? అట్లయిన యజమాని మీ వద్ద అద్దె వసూలు చేయు అవకాశము కలదు. విషయం తేలువరకు దానిపైకి ఎవరినీ ఎక్కనీయరాదు. తూచి కూడా ఎక్కనీయరాదు.

భవదీయుడు,
ఫోల్కర్ట్ ఈవెర్సెన్

తా.క. సీసాలు ఐదు అందినవి. ఆరవది మా విభాగాధిపతి గదిలో ఉన్నట్లు తెలిసినది.


సూడర్‌విష్,
నీ ఉత్తరం అందిన రోజే

ఫోల్కర్ట్ బాబూ,

నా కొంప మునిగింది. పుట్టి బుద్ధెరిగాక పరాయి సొత్తు పుల్లైనా ముట్టనిదాన్ని, ఇవాళ ఇల్లంత సొత్తు నా గోడకి ఆనించి ఉంది! అద్దె అడుగుతారా? జైల్లో వేస్తారా? వేస్తే అక్కడ తలగడ ఇస్తారా? నా మెడ ముందే బాగుండదు.

వేరే కంపెనీని నేను పిలవలేదు, ఒట్టు. రోడ్డుమీదినుంచి అసలు యజమాని చూస్తాడేమోనని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి పరంజాకి కట్టేశాను. చాలకపోతే మా పెళ్లినాటి టేబుల్‌క్లాతులు కూడా కట్టాను. అంతే, దాచేదాకా ఎవరూ ఆగిచూడలేదు, దాచాక కార్లాపి మరీ చూస్తున్నారు. పాస్టరుగారు సైకిలు దిగి, ఇల్లు అమ్ముతున్నావా అని అడిగారు. లేదంటే, మరి పెళ్లా అన్నారు.

వీధిలో అందర్నీ నిలదీశాను. “ఇదెవరిదో మీకేమైనా తెలుసా?” యోహెన్ దగ్గాడు. వీబ్కెకి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. హిన్‌రిక్ మాత్రం, “ఎవరిదైతేనేం అత్తా, మంచి సరుకు, గట్టిగా కట్టారు” అని గొట్టాన్ని ఆవు వీపు నిమిరినట్టు నిమిరాడు.

దీన్ని ఎవరిచేతైనా తీయించెయ్యి నాయనా. ప్యానెళ్లు పోతేపోనీ. దొంగ అనిపించుకుని వెలిగించుకున్న దీపం నాకొద్దు.

ఇట్లు, దుప్పట్ల వెనకనుంచి,
టెల్సె హార్డర్స్

తా.క. దుప్పట్లన్నీ బయటే ఉన్నాయి. రాత్రి కప్పుకోవటానికి యోహెన్ దగ్గర దుప్పటి అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి ఉతికి ఇచ్చేశాను.


హైడె,
జూన్ రెండోవారం

గౌరవనీయులైన టెల్సె హార్డర్స్ గారికి,

ఆందోళన వద్దు. గురువారం మా మనిషి మెల్ఫ్ దుప్పట్ల మధ్యనుండి దారి చేసుకుని పరంజా మొత్తం పరీక్షించినాడు. తనిఖీ చీటీ తాజాగా ఉన్నది, కట్టుబడి నిబంధనల ప్రకారమే ఉన్నది. ఎవరిదన్న ప్రశ్న తప్ప లోపమేమీ లేనందున మా భద్రతా విభాగం అనుమతించినది. జాయింటు మార్చబడినది. పచ్చదీపం వెలిగిన సంగతి మీరే చూచితిరి. బిల్లు 180 యూరోలు మాత్రమే.

చీటీలో యజమాని పేరు ఉండవలసిన చోట టేపు అంటించి ఉన్నది. మెల్ఫ్ అడుగగా, వీధిలోని ముగ్గురు పెద్దమనుషులు ఒక్కసారిగా క్యాబేజీ పొలాలవైపు తిరిగిరట. మా ఫైలులో ఆ గడి ఖాళీగా ఉండరాదు. మీకు తెలిసినచో వ్రాయగలరు.

మీ,
ఫోల్కర్ట్

తా.క. ఆరవ సీసా ఖాళీగా తిరిగి వచ్చినది. విభాగాధిపతిగారు ఇంకా ఉన్నవా అని అడుగుచున్నారు.


సూడర్‌విష్,
జూన్ ఆఖరు

ఫోల్కర్ట్ బాబుకి,

నూట ఎనభై బ్యాంకులో కట్టేశాను, రసీదు జతచేశాను. పచ్చదీపం నిండుగా వెలుగుతోంది. నిన్న మధ్యాహ్నం పొయ్యి, బట్టల మిషను, రేడియో మూడూ ఒకేసారి పెట్టాను. అవసరమై కాదు, పొగరుకొద్దీ.

ఇక నువ్వడిగిన గడి సంగతి. ఇది నీ ఒక్కడికే రాస్తున్నాను, ఫైల్లో పెట్టకు.

మెల్ఫ్ వచ్చి వెళ్లిన మర్నాడు మేడమీద కిటికీ దగ్గర, పరంజాకి కట్టిన టేబుల్‌క్లాతు విప్పి మడతపెడుతున్నాను. దుప్పట్ల సందులోంచి చూద్దునుకదా, యోహెన్ చూరు కాలువ శుభ్రం చెయ్యటానికి మళ్లీ ఎక్కాడు. కాలువ అద్దంలా ఉంది. ఆ మనిషి అటూ ఇటూ చూసి, కోటు జేబులోంచి గుప్పెడు ఎండుటాకులు తీసి అందులో చల్లాడు. చల్లి, ఒక్కొక్కటే ఏరి బకెట్లో వేసుకుంటూ, “అబ్బా, ఎంత చెత్తో!” అని వీధికంతా వినపడేలా అరిచాడు. కిందనుంచి వీబ్కె, “పాపం, టెల్సె పరంజా లేకపోతే ఏమైపోయేవాడివో!” అంది.

ముందు ఒళ్లు మండిపోయింది బాబూ. నాకు దానమా అనుకున్నాను. పొయ్యిమీద కాఫీ పెట్టుకుని, అది పొంగిపోయేదాకా ఆలోచించాను. ఊరికే ఇస్తే పుచ్చుకోనని, అందరూ కలిసి నా దగ్గరే అడుక్కుంటున్నట్టు నెల్లాళ్లుగా నాటకం ఆడుతున్నారు. అరవయ్యేళ్లవాడు నాకోసం జేబులో ఆకులు మోసుకు తిరుగుతున్నాడు. ఈ వీధిలో ఎండని మొదట పట్టింది మేమే అని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఇలాంటి వీధి ఇంకెక్కడుందో చూపించమను, చూస్తాను! ఈ గర్వం ముందు అది ఏమూలకి?

అందుకని నాకేమీ తెలియదు. నువ్వూ ఏమీ చదవలేదు. ప్రతి శనివారం వీధిలో ఇంటింటికీ వెన్నకేకు పంపుతున్నాను, పరంజా ఎక్కనిచ్చినందుకు థాంక్స్ చెప్పారు కదా, నేనూ మర్యాద చూపించాలిగా అంటున్నాను.

ఒక్కటే చిక్కు. పని అయిపోయింది, కానీ నాదని నేననను, తనదని హిన్‌రిక్ అనలేడు. వాడికి ఇంకోచోట పని ఒప్పందముంది, గొట్టాలు కావాలి. వారం నుంచి మా గేటు దగ్గర నిలబడి, “ఆ యజమాని ఎవరోగానీ అత్తా, వచ్చి పట్టుకుపోతే బాగుండు” అని చెమటలు తుడుచుకుంటున్నాడు. “రానీరా, ఏమంత తొందర?” అన్నాను. వారమంతా అలాగే ఉడకనిచ్చాను. ఆ మాత్రం హక్కు నాకుంది.

ఇట్లు, దీపం పచ్చగా, మనసు నిండుగా,
టెల్సె హార్డర్స్

తా.క. ఇవాళ పొద్దున జాలేసి పిలిచాను. “హిన్‌రిక్, వీధిలో లారీ ఉన్నవాడివి నువ్వొక్కడివే. యజమాని వచ్చేదాకా ఈ పరంజా నీ షెడ్డులో భద్రంగా పెట్టు. పరాయి సొత్తు, ఒక్క గొట్టం తగ్గినా ఊరుకోను” అన్నాను. వాడి సొంత పరంజాకి వాడి చేత నాకు రసీదు రాయించుకున్నాను. సంతకం పెడుతుంటే వాడి మొహం చూడాలి! దుప్పట్లు మాత్రం వీబ్కె విప్పింది. కాటా ఎక్కకుండానే.