నా చిగుళ్ళూ, గుండె నాళాలూ

జూన్ 1, ఉదయం 6.10
నిన్న పళ్ళ డాక్టరమ్మ హడలగొట్టింది. చిగుళ్ళలోని బాక్టీరియా రక్తంలో కలిసి గుండె దాకా వెళ్తుందట. రక్తనాళాలు గట్టిపడటంలో దాని చెయ్యి ఉండొచ్చట. "ఇంకా పూర్తిగా తేలలేదండీ. మీ చిగుళ్ళు మాత్రం పాడయ్యాయి. పదిరోజుల్లో వాటి నుంచి రక్తం రావడం ఆగకపోతే కోసి శుభ్రం చేయాలి" అంది. అన్నయ్యకు పోయినేడే గుండె నాళం మూసుకుపోయింది. నిజంగా భయమేసింది.
ఇక రెండు పూటలా బ్రష్! పళ్ళ సందుల్లో దారం! టైలర్ని, దారంతో పని నాకొకరు నేర్పాలా? కుట్టాక దారం పళ్ళతో కొరకడం బంద్. కత్తెరే!

జూన్ 2
రెండు పూటలా అయింది! అద్దం ముందు మురిసిపోతుంటే మా ఆవిడ, "ఏంటి, సినిమాలో వేషమొచ్చిందా?" అంది.

జూన్ 4, మధ్యాహ్నం 3.00
పళ్ళ దారం అయిపోయింది. ఈ ఎండలో షాపుకెవరు వెళ్తారు? జీన్స్ కుట్టే నీలం దారం ఉందిగా! గట్టిగా లాగాను. ఇరుక్కుంది. ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని కూర్చున్నాను. "నోరు కుట్టేసుకున్నారా? పోన్లెండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అని పిన్నీసు తెచ్చింది మా ఆవిడ.

జూన్ 6
చిగుళ్ళకు విశ్రాంతి. ఇంకా తేలలేదని డాక్టరమ్మే అందిగా. తేలాక తోముకుంటాను. శాస్త్రవేత్తలను తొందరపెట్టడం మర్యాద కాదు.

జూన్ 8
స్కూలు యూనిఫారాలు నలభై. కత్తెర గుడ్డల కింద ఎక్కడో ఉంది. దారం కొరికాను. పదకొండుసార్లే!

జూన్ 10
అమ్మో, రేపే పరీక్ష! మధ్యాహ్నంలోపే ఐదుసార్లు తోమాను. చిగుళ్ళు మండుతున్నాయి. అదే నోటితో, కోటు కోసం వచ్చిన నర్సమ్మ ముందే ఆవిడ తెల్లకోటు దారం కొరికాను. కాలరు మీద ఎర్ర చుక్క! "కొత్త డిజైనండీ" అన్నాను. "రక్తమండీ. రోజూ చూస్తాను" అంది.

జూన్ 11, సాయంత్రం
మా ఆవిడ కూడా వెంట వచ్చింది. "ఎన్నిరోజులు తోమారు?" అని అడిగింది డాక్టరమ్మ. "పదీ!" అన్నాను. "మూడండీ" అంది మా ఆవిడ. చిగుళ్ళు తాకగానే రక్తం. ఇంకో పదిరోజులు గడువిచ్చింది, ఇదే ఆఖరట.
ఇంటికొచ్చాం. గుమ్మం దగ్గర మా ఆవిడ ఆగి, "బావగారికి గుండె ఆపరేషనప్పుడు అక్కయ్య పక్క కుర్చీలో కూచున్నది నేనే. ఆవిడ కూచున్న కుర్చీలో నన్ను కూచోబెట్టకండి" అంది.  

జూన్ 12, ఉదయం 6.10
మొదటి రోజు. తోముకున్నాను. మా ఆవిడ గడియారం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఒక నిమిషానికే ఉమ్మేశాను. "ఇంకో నిమిషం" అంది. మళ్ళీ మొదలుపెట్టాను.