పొయ్యి ఆర్పినాకే ఫిల్టరు

రత్నా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. బతికినన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నాం, మనకు ఉత్తరాలతో పనేముంది... నువ్వు పోయి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను. మన సుశీల పురిటికి వచ్చింది. మగబిడ్డ. ముక్కు అచ్చం నీదే.

ఇంతకీ నీకు చెప్పాల్సింది కారు సంగతి.

మొన్న గోరంట్ల నుంచి బాడుగ దొరికి కదిరికి వస్తుంటే, ఎత్తు ఎక్కేచోట కారు కుదుపులు మొదలుపెట్టింది. కొంచెం పోతుంది, ఆగుతుంది. పాపం, ఎక్కినవాళ్లే దిగి తోశారు. ఎట్లాగో ఇల్లు చేరి బానెట్టు ఎత్తి చూస్తే, పెట్రోలు వడగట్టే ఫిల్టరు గాజుగిన్నె అడుగున ఎర్రటి బురద. ఈ ఏడు కూడా వాన లేదు రత్నా. రోడ్డంతా దుమ్మే. డబ్బాల్లో వచ్చే పెట్రోల్లోనూ ఆ మట్టే...

ఫిల్టరు మార్చాల్సి వచ్చింది. కొత్తది నువ్వు తెప్పించి అటక మీద దాచిందే ఉంది. కానీ నువ్వు పక్కన లేకుండా ఆ పని ఎప్పుడైనా చేశానా?

మొదటిసారి గుర్తుందా? కారు కొన్న కొత్తలో. ఇంజను వేడి తగ్గకముందే నేను స్పానరు పట్టుకుని కూర్చున్నాను. పక్కింటి మస్తానన్న బీడీ కాలుస్తూ నా భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. నువ్వు వచ్చి స్పానరు లాక్కున్నావు.

"ఏమయ్యా, ఇంజను కాలతాండాది, ఇంట్లో పొయ్యి మండతాండాది, మస్తానన్న బీడీ తాగతాండాడు. పెట్రోలు అంటుకోడానికి ఇంగేం కావాల?"

మస్తానన్న పెద్దవాడని కూడా చూడలేదు. బీడీ ఆర్పించి వీధిలోకి పంపావు. ఉడుకుతున్న సంగటి దించేసి పొయ్యి మీద మట్టి కప్పావు. అది చల్లబడేదాకా నన్ను కారు ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత ఏటి ఇసుక తట్టనిండా తెచ్చి చక్రం పక్కన పెట్టావు. ఎందుకే ఇదంతా అని నేను నవ్వాను.

"పెట్రోలు అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదంట. ఇసుకే కప్పాల. మన ఊర్లో నీళ్లకు కరువుగానీ ఇసుకకు కరువా?"

నీకెవరు చెప్పారో అప్పుడు నాకు తెలియదు. సంతకు పోయినప్పుడల్లా మెకానిక్కు షెడ్డు ముందు ఆగి ఒక్కొక్కటే అడిగి తెలుసుకునేదానివట. ఆ షెడ్డువాళ్లే తర్వాత నాకు చెప్పారు, నీ గురించి ఎంత గౌరవంగా చెప్పారో!

ఆనాటి నుంచి ప్రతిసారీ అదే పద్ధతి. నేను ముందు బ్యాటరీ వైరు ఊడదీయాలి. నువ్వు గిన్నె కింద డబ్బా పట్టుకోవాలి. పైపు మూతికి నువ్వే చెక్కిన కొయ్య బిరడా పెట్టాలి. కొత్త ఫిల్టరు బిగించాక నువ్వు పొడిగుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమేదానివి. కాస్త తడి తగిలినా మళ్లీ మొదటి నుంచి! బాడుగవాళ్లు వాకిట్లో నిలబడి గొణిగినా నీకు లెక్కలేదు. "తొందర ఎవరికుండాదో వాళ్లు నడిచి పోనీ" అనేదానివి. నిన్ను చూసి వాళ్లే తగ్గేవాళ్లు.

మొన్న ఏమైందో చెబుతాను, విను.

కారు వాకిట్లోనే ఉంది. వెనక చక్రాలు వీధివైపు ఎత్తున, ముందుభాగం వంటింటివైపు పల్లంలో. లోపల సుశీల బిడ్డ స్నానానికి నీళ్లు కాస్తోంది. చిన్న పనే కదా, మధ్యలో గోడ ఉంది కదా అనుకుని స్పానరు పట్టించాను కూడా. ఎందుకో చెయ్యి సాగలేదు... లేచిపోయి పొయ్యి ఆర్పమన్నాను. సుశీల విసుక్కుంది, అయినా ఆర్పింది. బూడిదలో చెయ్యి పెట్టి, చల్లబడిందని తేల్చుకున్నాకే మళ్లీ వచ్చి కూర్చున్నాను.

గిన్నె విప్పుతుంటే పాత పైపు మెడ దగ్గర పుటుక్కున విరిగింది. పెట్రోలు ధారగా కారింది. డబ్బా దాటి, వాలు వెంట పారి, గడప కింది సందులోంచి వంటింట్లోకి పోయింది. పొయ్యి రాళ్ల దాకా పోయింది రత్నా. ఆ పక్క గదిలోనే బిడ్డ ఊయల...

నేను పైపును బొటనవేలితో అదిమి పట్టి అరిచాను. సుశీల బిడ్డను ఎత్తుకుని పెరటి తలుపులోంచి మస్తానన్న ఇంటికి పరుగెత్తింది. వాళ్లకు బిడ్డను ఇచ్చి వెనక్కి వచ్చి, బిరడా నా చేతికి అందించింది. తర్వాత, నీలాగే నేను తెచ్చి చక్రం పక్కన పెట్టుకున్న తట్టలోని ఇసుకను గడప దగ్గరి నుంచి పొయ్యి దాకా పోసింది. అన్ని తలుపులూ తెరిచి పెట్టాం. వాసన పోయేదాకా అగ్గిపుల్ల గీయలేదు. ఆ పూట మస్తానన్న ఇంట్లోనే తిన్నాం.

తిని వాళ్ల అరుగు మీద కూర్చున్నప్పుడు సుశీల అడిగింది, ఇంత జాగ్రత్త అమ్మకు ఎట్లా వచ్చింది నాయనా అని. అప్పుడు నీ కుడిచేతి మీది మచ్చ సంగతి చెప్పాను. ధర్మవరంలో మీ మగ్గం గదిలో దీపం పడి పట్టు అంటుకుంటే, చిన్నపిల్లవు, చేతులతోనే ఆర్పావని. సుశీలకు అది తెలియదు. పుట్టుమచ్చ అనుకుందట. నువ్వెందుకు చెప్పలేదు?

నిప్పంటే నీకున్నంత భయం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. అగ్గిపుల్ల గీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేదానివి. అంత భయం పెట్టుకుని కూడా, పెట్రోలు కారే పైపు కింద డబ్బా పట్టుకుని ప్రతిసారీ నా పక్కనే కూర్చున్నావు. అక్కడ ఒక్కసారైనా మొహం తిప్పుకోలేదు. ఎంత ధైర్యమే నీది...

మరునాడు బజారులో కొత్త పైపు తెచ్చి బిగించాను. ఫిల్టరూ మారింది. ఇంజను మెత్తగా పలికింది. సుశీల వేలితో చుట్టూ తడిమి, వేలు నాకు చూపించి, "పొడిగానే ఉండాది. ఇంగొకతూరి నేనే ఇప్పుతా నాయనా, నువ్వు పక్కన కుచ్చోని చెప్పు" అంది.

చెబుతాను రత్నా. నీకు తెలిసిందంతా చెబుతాను. వచ్చే వారం సుశీలకు బిడ్డతో మన కారులోనే అత్తగారింటికి ప్రయాణం. దారిలో స్టీరింగు కూడా పట్టిస్తాను. ఆడపిల్ల కారు తోలుతోందని చూసేవాళ్లు చూడనీ.

ఉంటాను మరి...

నీ
ఓబులేసు