చొక్కాలో పేపరు

సోలాంజ్‌కి,
ఓబిస్క్ కొండ కింది ఊరి నుంచి ఫెర్నాన్ రాసేది. నేను కులాసా, మన లూసియాన్ అంతకన్నా కులాసా. సంతోషంలో గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

ఇరవై ఏళ్ల సైకిలు పందేల్లో ఇవాళ వాడికి ఆఖరి కొండ కదా. కొండ దిగేటప్పుడు గుండెకి చలిగాలి తగలకుండా చొక్కాలో పెట్టుకోవడానికి వాడి చిన్నప్పుడు పేపరు నేనే అందించేవాణ్ణి. పెద్ద జట్టులో చేరాక ఆ పని జట్టువాళ్లదైంది. అయినా ఇవాళ ఒకటి మడిచి పట్టుకుని కొండకొమ్మున నిలబడ్డాను, తీసుకోడేమోనని ఒకటే గుబులు. పక్కనే వాడికివ్వడానికి చలికోటు పట్టుకున్న జట్టు మనిషి, "ఇంకా పేపరేంటి తాతా, మ్యూజియంలో పెట్టుకో" అని నవ్వాడు. లూసియాన్ ఏడోవాడుగా పైకొచ్చాడు. కోటు వదిలేసి నా చేతిలోది లాక్కున్నాడు. "మళ్లీ నిన్నటిదేనా నాన్నా?" అంటూ దిగిపోయాడు, అచ్చం ఆ రోజుల్లోలాగే. నేను చదివేసిందేగా ఇచ్చేవాణ్ణి.

కుందేళ్లకి గడ్డి వేస్తున్నావా? కప్పు మీద పగిలిన పెంకు మార్చారా? శనివారం ఇద్దరం వస్తున్నాం. ఆ రోజు పేపరు పొయ్యి రాజేయడానికి చింపకు. ఇకమీదట ముందు తనే చదువుతాడట, తర్వాతే నాకిస్తాడట.

వీధంతా చెప్పు. నీకు ముద్దులు.
నీ ఫెర్నాన్