మనిషికొక గజం

కౌతాళం, 1956 జులై, బుధవారం రాత్రి

పొద్దున బడిలో పిల్లోళ్లకు ఒక లెక్క సెప్పినా. మనిషికొక చదరపు గజం ఇస్తే, లోకంలో ఉండే జనమంతా మన ఆదోని తాలూకాలోనే నిలబడొచ్చని. అందరూ నోళ్లు తెరిచినారు. మా తమ్ముని కూతురు గౌరమ్మ మాత్రం, "అంత దగ్గర నిలబడితే కొట్టుకోరా, పెద్దనాయనా?" అనింది. నగినా.

సాయంత్రం సేనికాడికి పోతే తమ్ముడు ఎద్దుల్ని కట్టి గుంటక తోలుతాండాడు. ఏటా మాదిరే ఈసారీ మా ఇద్దరి మధ్య గట్టును గీరుకుంటా తోలినాడు. ఇంక జానెడే మిగిలింది. అడిగితే, "బడి జీతం తినేటోనివి, నీకు సేనెందుకన్నా?" అన్నాడు.

వాని సేతిలోని ములుగర్ర గుంజుకొని నెత్తిన కొట్టినా. పడినోన్ని ఇంకా రెండు దెబ్బలేసినా. ఎద్దులు బెదిరి పరిగెత్తినాక గానీ నా సెయ్యి ఆగలేదు.

వాన్ని బండిలో ఆదోని ఆసుపత్రికి తీసకపోయినారు. కండ్లు తెరిచినాడో లేదో ఇంకా కబురు రాలేదు. అమ్మ నాకు అన్నం పెట్టలేదు.

లెక్కలో అందరినీ నిలబెట్టినా. దుక్కిలో పడినాక వాడొక్కడే రెండు గజాలు పట్టినాడు. జానెడు గట్టుమింద నేను నిలబడే ఉన్నా.

రేపు గౌరమ్మ బడికొస్తే, దాని ముందర ఏ మొగం పెట్టుకొని నిలబడల్ల...